ఊరి గోడపై ఊరి పరిశ్రమ



బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతములందలి పరిశ్రమలను మన పిల్లలకు గోడచిత్రముల మూలమున ఎట్లు బోధింపవచ్చునో చెప్పుట యీనాటి నా ప్రసంగమునకు ఉద్దేశము. బొమ్మలను గూర్చి రేడియోలో మాటలాడుట కొంత చిక్కైన పనియే. కంటికి చూపవలసినదానిని చెవికి చెప్పవలసి వచ్చుచున్నది. కావున నేను వర్ణించు బొమ్మలను మీ యూరి బడిగోడపై నున్నట్లు మనస్సున నిలుపుకొని వినుడని కోరుచున్నాను.

పులిగడ్డ యొద్ద కృష్ణ రెండుపాయలై చీలి సముద్రమును చేరు నీ నేల విస్తీర్ణమున చిన్నదే. అయినను ఇచ్చట సాగు పనులు పెక్కు. బందరునందును, దాని చెంతనున్న పెడనయందును కలంకారీ అద్దకము కలదు. చిలకలపూడిలో గిల్టు నగల పని కలదు. గుడివాడ చుట్టు వరిచేలు, ఊళ్లలో బియ్యపు మిల్లులు కలవు. గిలకలదిండిలో చేపల రేవు, నాగాయలంక, కోడూరు దిక్కున పడవలు, వలలు, రొయ్యల చెఱువులు కలవు. 1926లో బందరున వెలసిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థలో చేరి, చీకటిలో చూచుటకు తోడ్పడు దృష్టిసాధనములను నేడు తయారుచేయుచున్నది. గింజ మొదలు గాజుకటకము వఱకు ఇన్ని వస్తువులు మన చేతులమీదుగా పుట్టుచున్నవి.

ఇంతటి నేలపై పుట్టిన పిల్లవానిని నిలిపి, “కలంకారీ గుడ్డపై ఎఱుపు ఎట్లు వచ్చును? నీవు తిన్న యన్నమునకు ముందు బియ్యమునుండి విడిపోయినవి ఎన్ని?” అని యడిగి చూడుడు. దూరదేశముల రాజధానులను తడుముకొనక చెప్పు పిల్లవాడు ఇచ్చట నోరు మెదపడు. పిల్లవాని తప్పు ఇందేమియు లేదు. పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను సామెత మన చదువులకును పట్టినది. పుస్తకము రాష్ట్రమంతటికిని ఒక్కటే యచ్చగును. అందు పెడన వీథికి చోటు దొరకుట యెట్లు? ఊరి సంగతి ఊరే చెప్పుకొనవలెను.

పాత చదువులందు ఈ లోపము లేదని మురిసిపోవుటకును వీలులేదు. మేము చిన్ననాట అమరకోశమును వల్లించితిమి. తంతువాయుడు, కువిందుడు అని సాలెవానికి పేర్లు నేర్చితిమి. చిత్రకారునకు రంగాజీవుడను పేరున్నదని నేర్చితిమి. మాట నోట నిలిచినది. మగ్గము మాత్రము కంటబడలేదు. ఆ పాఠశాల గోడపై ఒక మగ్గపు బొమ్మ యుండి, నాడెకు నాడె యనియు, పన్నెకు పన్నె యనియు పేరు వ్రాసియున్నచో ఆ శ్లోకములకు ప్రాణము వచ్చియుండెడిది.

పరిశ్రమ రెండు విధముల నశించును. కొనువారు లేక నశించుట యొకటి. తెలిసినవారు లేక నశించుట రెండవది. మొదటిదానికి మందు ప్రభుత్వము చేతను, వర్తకుల చేతను ఉన్నది. రెండవదానికి మందు బడి చేతను, ఊరి చేతను ఉన్నది. దీనికి మన బందరు అద్దకమే నిదర్శనము. పూర్వము ఈ తీరమున ఎఱుపురంగునకు చిరివేరు వాడెడివారు. ఇసుకనేలలందు పెరుగు చిన్న మొక్క వేరు అది. 1868లో జర్మనీదేశపు రసాయనశాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్మన్ అనువారు అదే జాతి ఎఱుపును తారునుండి తీసిన పదార్థముతో తయారుచేయ గలిగిరి. అలిజరిన్ అను ఆ రంగు చౌకగా వచ్చుటతో చిరివేరు సేద్యము వెనుకబడెను. రంగు మాఱుట లోకసహజము. దానికై దుఃఖింప బనిలేదు. కాని నేడు మన పిల్లలలో చిరివేరు పేరు విన్నవారెందఱు? మొక్కను చూపగల పెద్దలెందఱు? తాతకు తెలిసిన సంగతి మనుమని చెవినైన పడక మాయమగుట యిట్లే జరుగును.

గోడను చదువునకు వాడుట క్రొత్త యూహ కాదు. విష్ణుధర్మోత్తర పురాణమునందు చిత్రసూత్రమను భాగము చిత్రలేఖనమునకే కేటాయింపబడినది. గోడను ఎట్లు సిద్ధపఱచవలెనో అందు చెప్పబడినది. మన రాయలసీమలో లేపాక్షి వీరభద్రస్వామి యాలయము కలదు. 16వ శతాబ్దమున అచ్యుతదేవరాయల కాలమున విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు దానిని కట్టించిరి. మండపపు కప్పుపై కిరాతార్జునీయము, పార్వతీకల్యాణము, ఆవుదూడకు న్యాయము చేసిన మనునీతిచోళుని కథ చిత్రింపబడినవి. అక్షరము రానివారు తలయెత్తి ఆ కథలను చదువుకొనిరి. అయితే ఆ బొమ్మలలో మఱియొక పాఠము కూడ నున్నది. అచ్చటి స్త్రీపురుషులు కట్టిన చీరల అంచులు, చారలు, గళ్లు, పువ్వులు ఒకదానివలె నొకటి యుండవు. నాటి నేతలో, అద్దకములో ఎన్ని తీరులున్నవో ఆ కప్పే మనకు సాక్ష్యము చెప్పుచున్నది. గుడ్డ చినిగిపోయినను బొమ్మ నిలిచినది. చిత్రకారుడు దేవుని కథ వ్రాయబోయి సాలెవాని పనితనమును గూడ నాలుగువందల యేండ్లకు పైగా కాపాడెను.

పనివానిని కథలో మూలకు నిలుపక, పనినే కథగా గోడకెక్కించిన దేశములును కలవు. మెక్సికో దేశమున విప్లవము పిమ్మట 1921లో హోసే వాస్కొన్సెలోస్ అను పండితుడు విద్యామంత్రి యయ్యెను. అచ్చటి జనులలో చాలమందికి చదువు రాదు. ప్రభుత్వ భవనముల గోడలను చిత్రకారుల కప్పగించి, ప్రజలకు తమ దేశమును చూపుడని ఆయన కోరెను. దియేగో రివేరా అను చిత్రకారుడు 1923 మొదలుకొని విద్యాశాఖ భవనపు గోడలపై నేతపనివారిని, చెఱకు పనివారిని, గనిలోనికి దిగువారిని చిత్రించెను. అద్దకపువారికిని అందొక గోడ లభించెను. మన పెడన వీథిలో కనబడు పనియే అంత దూరమున విద్యామంత్రి గోడపైకి ఎక్కినదన్నమాట.

మన దేశములోను ఇట్టి ప్రయత్నము జరిగినది. 1938లో గుజరాతులోని హరిపురయందు కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, గాంధీమహాత్ముని కోరికపై శాంతినికేతనపు నందలాల్ బోసుగారు శిష్యులతో గూడి నాలుగువందలదాక పటములను వ్రాసిరి. కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, దూదియేకువాడు, తప్పెట వాయించువాడు, వంటపని చేయు స్త్రీ వానిలోని వ్యక్తులు. ఆ పటములను సభాప్రాంగణమున, వచ్చిపోవువారు చూచునట్లు, నిలిపిరి. మట్టిరంగులతో వ్రాసిన ఆ పటములను చూచిన పల్లెవాడు అందు తన్ను తాను గుఱుతుపట్టగలిగెను.

ఇక మన బందరు సంగతి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గారలు ఇచ్చట ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. పుస్తకపు చదువు, చేతిపని, చిత్రకళ ఒక్క ప్రాంగణమున నుండవలెనని వారి సంకల్పము. వంగదేశమునుండి ప్రమోదకుమార చటర్జీగారు వచ్చి అచ్చట చిత్రకళ నేర్పిరి. వారి శిష్యులలో నొకరైన అడివి బాపిరాజుగారు తరువాత ఆ కళాశాలకే అధ్యక్షులైరి. కుంచెయు, మగ్గమును, పుస్తకమును ఒక్కచోట నుండదగునని మన జిల్లా పెద్దలే నూఱేండ్లకు మునుపు నిశ్చయించిరి. మనము అరువు తెచ్చుకొనవలసినది ఏమియు లేదు.

ఈ శతాబ్దమున ఢిల్లీలోని విన్యాస్ అను సంస్థ, కబీర్ వాజపేయిగారి నాయకత్వమున, యూనిసెఫ్ తోడ్పాటుతో ఒక పద్ధతిని రూపొందించినది. బడి భవనమే పాఠోపకరణము కావలెనని దాని సారము. తలుపు తెఱచుచోట నేలపై కోణములను గీసినచో తలుపే గణితము చెప్పును. మెట్లకు అంకెలు వ్రాసినచో మెట్లే ఎక్కము చెప్పును. మన రాష్ట్రమున 2019లో మొదలైన ‘మనబడి నాడు-నేడు’ కార్యక్రమపు తొలి విడతలో 15,000లకు పైగా బడులను బాగుచేయ బూనిరి. అందు రంగులు వేయుటయు ఒక యంశము. కావున గోడ కలదు, రంగును కలదు. దానిపై ఏమి యుండవలెనన్నదే ప్రశ్న. పెక్కు బడులలో గోడలపై మనకు తెలియని దేశపు జంతువులు, చలనచిత్రములందలి హాస్యపు బొమ్మలు కనబడుచున్నవి. అవి పిల్లలను నవ్వించును, మంచిదే. కాని ఒక్క గోడనైన ఊరికి విడువరాదా?

ఇప్పుడు మూడు గోడలను మీ ముందు నిలిపెదను.

మొదటిది బందరు, పెడన గోడ. కలంకారీ యనగా కలముతో చేయు పని యని పారసీకపు మాటకు అర్థము. శ్రీకాళహస్తిలో కలముతోనే గీయుదురు. మన యొద్ద ముఖ్యముగా టేకుచెక్కపై చెక్కిన అచ్చులతో అద్దుదురు. గోడను ఆఱు భాగములు చేయవలెను. మొదటి భాగమున గుడ్డను ఉదికి గంజి పోగొట్టుట. రెండవదానిలో కరక్కాయ నీట ముంచి యెండబెట్టుట. గుడ్డ లేతపసుపు రంగునకు తిరుగును. మూడవదానిలో నలుపు. పాత ఇనుపముక్కలు, బెల్లము, నీరు కలిపి కుండలో కొన్నిదినములు ఊఱవేయుదురు. ఆ నీటిలో అచ్చు ముంచి కరక్కాయ పట్టిన గుడ్డపై నద్దినప్పుడు, కరక్కాయలోని వగరును ఇనుమును కలిసి నల్లని గీత యగును. నాలుగవదానిలో పటిక నీరు. ఇచ్చటనే అసలు మర్మ మున్నది. పటికకు తనదైన రంగు లేదు. అద్దినచోటు పనివానికి గుఱుతు తెలియుటకై అందు కొంచెము రంగు కలుపుదురు, అంతియే. ఐదవదానిలో కాలువనీట జాడించుట. అంటక మిగిలినదంతయు ఇచ్చట కొట్టుకొనిపోవలెను. ఆఱవదానిలో రాగిపాత్రలో ఎఱుపురంగు నీట మరిగించుట. అప్పుడు పటిక పడినచోట మాత్రమే ఎఱుపు గట్టిగా పట్టును. తక్కిన గుడ్డపై నిలువదు.

ఆఱవ భాగమున ఒకే గుడ్డను రెండుమారులు వ్రాయింపుడు. మరిగింపకముందు ఒకటి, మరిగించిన పిదప ఒకటి. “ఎఱుపెక్కడనుండి వచ్చినది?” అని పిల్లవాడు తానే యడుగును. అతడు అడిగిననాడు మాష్టరుగారికి రసాయనశాస్త్రము చెప్పుటకు త్రోవ దొరకును. పటికను అంత పని చేయు పదార్థముగా పుస్తకములో పదిసార్లు చదివినను కలుగని ఆశ్చర్యము ఆ రెండు బొమ్మల నడుమ కలుగును.

ఆ గోడ చివర ఒక పడవ బొమ్మ వేయింపుడు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు బందరునకు వర్తకమునకు వచ్చిరి. మన అద్దకపు గుడ్డలు పారసీకమునకును, ఐరోపాకును పోయినవి. అవి అచ్చటి నేతగాండ్ర బేరమును దెబ్బతీయుచున్నవని ఇంగ్లండున 1700లో మన అద్దకపు గుడ్డల దిగుమతిని నిషేధించిరి. 1721లో వానిని ధరించుటను గూడ నిషేధించిరి. పెడన పిల్లవాడు ఈ సంగతి తెలిసికొని, మన వీథిలోని పనిని ఆపుటకు సముద్రమునకు ఆవల చట్టము చేయవలసి వచ్చెనా యని యబ్బురపడును. చరిత్రపాఠము ఇంటి గడపలోనికి వచ్చుట యనగా ఇదియే.

రెండవది గుడివాడ గోడ. ఇది నీటితో మొదలు కావలెను. 1852 మొదలు 1855 వఱకు బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. దాని స్థానమున ప్రకాశము బ్యారేజి 1957లో వచ్చినది. అచ్చటనుండి బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ తూర్పు డెల్టాకు నీరు తెచ్చుచున్నవి. పిల్లవాడు తన యూరి బోదె ఏ కాలువలోనిదో గోడపై వ్రేలు పెట్టి చూపగలుగవలెను. పిదప నారుమడి, నాట్లు, కోత, నూర్పు. నాట్లు వేయు స్త్రీల వరుసను మఱువరాదు. చిత్రకారులు తఱచుగా నాగలి పట్టిన మగవానిని మాత్రమే రైతుగా చూపుదురు. చేనిలో నడుము వంచి రోజంతయు నాటువారు స్త్రీలే. వారు లేని వరిచేను అసత్యము.

తరువాత బియ్యపు మిల్లు. ఇచ్చట గోడపై లెక్క యుండవలెను. నూఱు కిలోల వడ్లను ఆడించినచో సుమారు 65 మొదలు 68 కిలోల బియ్యము వచ్చును. సుమారు 20 కిలోలు ఊక. మిగిలినది తవుడును, చిట్టును. ఈ నాలుగింటిని నాలుగు కుప్పలుగా, తూకము వ్రాసి చూపవలెను. ఊక పొయ్యిలోనికి, ఇటుకబట్టీలోనికి పోవును. తవుడు పశువుల తొట్టిలోనికి పోవును. దానినుండి నూనెయు తీయుదురు. వ్యర్థమని పాఱవేయునది ఇందేమియు లేదని పిల్లలు గ్రహింతురు. భిన్నములు, శాతములు నేర్పుటకు ఇంతకంటె చక్కని పలక దొరకునా? చివర గుడివాడ రైలుకూడలి. ఒక దారి బెజవాడకు, ఒక దారి బందరునకు, ఒక దారి భీమవరమునకు. గింజ ఊరు విడిచి పోవు త్రోవ అది.

మూడవది దివిసీమ గోడ. ఇది తక్కిన రెండింటివంటిది కాదు. ఇచ్చటి జీవనము ఒక క్రమముగా గాక ఒక చక్రముగా తిరుగును. కావున పండ్రెండు నెలల చక్రము గీయవలెను. ఏ నెలలో ఏ చేప, ఏ నెలలో రొయ్యచెఱువునకు పిల్ల వేయుట, ఏ నెలలో వరి, ఎప్పుడు గాలి యెటునుండి వీచునో వ్రాయవలెను. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు మన తూర్పుతీరమున మరపడవల వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలము గనుక. ఆ రెండు నెలలు చక్రమున వేఱు రంగుతో నుండవలెను. పడవ గట్టున నిలిచినప్పుడు ఆ యింట పొయ్యి ఎట్లు వెలుగుచున్నదో మాష్టరుగారు పిల్లలచేత ఆలోచింపజేయవలెను. చక్రము చుట్టు మడ అడవిని, సరుగుడు తోటలను వ్రాయవలెను. అవి సముద్రపు కోపమునకు మన యడ్డు.

ఆ కోపమును దాచరాదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు 30,000 మంది పోయిరి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ప్రభుత్వపు లెక్కనుబట్టియే సుమారు 10,000 మంది పోయిరి. ఆ రాత్రి నీరు మీ యూరిలో ఎంత యెత్తున నిలిచినదో చూచిన పెద్దలు నేడును ఉన్నారు. వారిని పిలిచి, గోడపై ఆ యెత్తున ఒక నీలిగీత గీయింపుడు. దానిక్రింద తేదీ వ్రాయింపుడు. అంతకంటె ఏమియు వలదు. పిల్లవాడు ఆ గీతను చూచి తన తలను చూచుకొనును; తుపాను హెచ్చరిక వచ్చిననాడు ఎత్తైన భవనమునకు ఏల పోవలెనో మఱి చెప్ప బనియుండదు. ఆ యెత్తు తెలిసినవారు ఇప్పుడు వృద్ధులు. ఈ పని పదేండ్లు వాయిదా వేసినచో చెప్పువా రుండరు.

ఇక వ్రాయించు విధము. డెట్రాయిటు నగరమున 1932, 1933 సంవత్సరములందు పైని చెప్పిన రివేరాయే అచ్చటి మోటారుబండ్ల కర్మాగారపు పనిని ఒక చిత్రశాల గోడలపై 27 భాగములుగా చిత్రించెను. కాని మొదటనే కుంచె పట్టలేదు. కర్మాగారమున దిరిగి పనులను చూచి, గీసికొని, పిదప గోడ యెక్కెను. మన చిత్రకారుడును అట్లే పెడనలో నాలుగుదినములు కూర్చుండవలెను. గీసిన నమూనాను అద్దకపు పనివానికి చూపవలెను. “అచ్చు పట్టుట యిట్లు గాదు” అని అతడన్నచో దిద్దవలెను. ఈ గోడకు పరీక్షాధికారి పనివాడే. పేర్లను వ్రాయునప్పుడును పనివారి నోటిమాటలనే వ్రాయవలెను. నిఘంటువు మాటలు నావంటివారి కొఱకు పుస్తకములలో నున్నవి, చాలును.

గోడను ఎంచుటలోను జాగ్రత్త కావలెను. మన తీరపు నేలలో ఉప్పు కలదు. అది తడితోపాటు గోడ నెక్కి, పెచ్చులు లేపి, రంగును రాల్చును. కావున నేలనుండి రెండు మూడడుగులు సున్నము కొట్టి విడిచి, అటుపై పిల్లల కంటి యెత్తున బొమ్మ మొదలిడవలెను. వానజల్లు కొట్టని వసారాగోడ శ్రేష్ఠము. మూడు నాలుగేండ్లకు రంగు వెలయును. వెలసిన బొమ్మను చూచి విచారింపవలదు. సంక్రాంతికి ఇండ్లకు సున్నము కొట్టి జాజు దిద్దుట మన యాచారమే కదా! అట్లే పై తరగతి పిల్లలు పనివారిని మరల పిలిచి, ఈ నడుమ పనిలో వచ్చిన మార్పులను అడిగి తెలిసికొని, బొమ్మను తిరిగి వ్రాయవలెను. చెరిగిపోవుటయే ఈ పుస్తకపు గుణము. ప్రతి తరమువారును దానిని స్వయముగా వ్రాసికొందురు.

అయితే గోడ తనంతట పాఠము చెప్పునని భ్రమపడరాదు. దినము చూచు బొమ్మను కన్ను నెలలోపల మఱచును. మాష్టరుగారు వారమునకొక ప్రశ్న గోడప్రక్కన నల్లబల్లపై వ్రాయవలెను. “ఈ గుడ్డను కాలువలో జాడింపకున్న ఏమగును?” అని యొక వారము. “ఈ నాలుగు కుప్పలలో నీ యింటికి వచ్చునవి ఎన్ని?” అని మఱియొక వారము. సంవత్సరమున కొక్కమారైన పిల్లలను గోడనుండి కార్ఖానాకు తీసికొనిపోవలెను. పటికనీటి రుచి, మరుగు రంగు వాసన, తడిసిన గుడ్డ బరువు గోడపై దొరకవు. వానికై గోడ ఆకలి పుట్టింపవలెను. అంతవఱకే దాని పని. కష్టమును గూడ చెప్పవలెను. యంత్రముపై అచ్చుకొట్టిన గుడ్డను కలంకారీ యని చౌకగా అమ్ముటయు, దినమంతయు వంగి అద్దిన చేతికి తక్కువ కూలి దక్కుటయు పిల్లలకు తెలియవలెను. రంగునీరు కాలువలో కలియుట మంచిదా యని వారు అడిగినచో కసరుకొనక జవాబు చెప్పవలెను.

పెద్దలు కొందఱు నన్నొక ప్రశ్న యడుగుచుందురు. “పంతులుగారూ, ఈ బొమ్మలు చూపి అద్దకమువాని కొడుకును అద్దకమునకే కట్టివేయుదమా? వాడు చదివి ఉద్యోగము చేయవలదా?” ప్రశ్న న్యాయమైనదే. నా సమాధానమిది. ఆ గోడముందు నిలుచునది అద్దకమువాని కొడుకు ఒక్కడే కాదు. రైతుబిడ్డయు, వర్తకునిబిడ్డయు, పల్లెకారుబిడ్డయు, పంతులు మనుమడును నిలుతురు. తన తండ్రిపని ఏ పుస్తకమునందును లేకున్నప్పుడు, అది చెప్పుకొనదగని పని యని పిల్లవాడు తనంతట తాను నిశ్చయించుకొనును. ఆ పనియే బడిగోడపై పేర్లతో సహా నిలిచియుండగా, ప్రక్కవాడు “మీ నాయన ఎఱుపు ఎట్లు తెప్పించునో చెప్పుమా” యని యడుగగా, వాని వెన్ను నిటారుగా నిలుచును. ఆపై వాడు అద్దకము చేయునో, రసాయనశాస్త్రము చదువునో వాని యిష్టము. తండ్రి వృత్తిని తెలిసి విడుచుట వేఱు, సిగ్గుపడి విడుచుట వేఱు. తెలిసి విడిచినవాడు ఎక్కడనున్నను దానికి మేలు చేయును. సిగ్గుపడి విడిచినవాడు ఊరి పేరు గూడ దాచుకొనును.

వ్యయమును గూర్చి యొకమాట. దీనికి పెద్ద మొత్తమేమియు అక్కఱలేదు. బడికి ఎట్లును రంగు వేయుచున్నారు. అందు ఒక వసారా గోడను ఊరు అడిగి తీసికొనవలెను. చిత్రకారుడు సమీపపు పట్టణమున దొరకును. చెప్పువారు మీ వీథిలోనే యున్నారు. కావలసినది ముగ్గురు నలుగురు పెద్దలు ప్రధానోపాధ్యాయునితో కూర్చుండి, ఈ యూరి గోడపై ఏ పని యుండవలెనని ఒక సాయంకాలము ఆలోచించుట. కొన్ని యూళ్లలో అది గిల్టు నగల పని కావచ్చును. ఇత్తడిపై, రాగిపై సన్నని బంగారుపూత ఎట్లు నిలుచునో అదియు శాస్త్రమే. కొన్ని యూళ్లలో ఇటుకబట్టీ కావచ్చును, బెల్లపుగానుగ కావచ్చును, చాపల అల్లిక కావచ్చును. చిన్నపని యని దేనిని తీసివేయరాదు. దానిని చేయుటకు ఎన్ని మెట్లున్నవో, ఏ మెట్టులో కంటికి కనబడని మర్మమున్నదో కనుగొనుడు. ఆ మర్మమును గోడపై నిలుపుడు.

పెద్దలారా! పొలమును, ఇల్లును పిల్లలకు పత్రము వ్రాసి యిచ్చుచున్నాము. చేతిలోని విద్యకు మాత్రము పత్రము లేదు. చూచినవాడు చెప్పవలెను, విన్నవాడు వ్రాయవలెను. లేనిచో అది చేతితోనే పోవును. ఈ వేసవిలో బడులకు సున్నము కొట్టునప్పుడు మీ యూరి పత్రము నొక గోడపై వ్రాయింపుడు. సాక్షిసంతకములు పనివారే చేయుదురు.